కమాండ్ లైన్ నుంచి కన్సోల్ సెటప్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడున్న జవాబులు ముఖ్యంగా డెబియన్, ఉబుంటు, వాటి మీద కట్టిన ఇతర లినక్స్‌లకు సంబంధించినవి. ఫెడోరా, ఆర్చ్ వాడేవాళ్ళకు చివర్లో ఒక ప్రశ్న ఉంది. కమాండ్లను పలికే తీరులోనే తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు మామూలుగా ఇంగ్లీషు చిన్న అక్షరాలే వాడండి. హైఫన్లు, స్లాష్‌లు, ఖాళీలు మాత్రం ఇక్కడ ఎలా ఉంటే అలాగే ఉంచాలి.

కన్సోల్, టెర్మినల్ ఒకటే కదా?

కాదు. ఈ పేజీకి వచ్చే ప్రశ్నల్లో సగం ఈ తేడా తెలియకే పుడతాయి. డెస్క్‌టాప్ మీద నల్లగా తెరుచుకునే కిటికీ టెర్మినల్ ప్రోగ్రామ్. దాని ఫాంట్, రంగులు దాని సెట్టింగ్స్‌లోనే ఉంటాయి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే డెస్క్‌టాప్ మాయమై, తెర నిండా లాగిన్ అడిగే నల్లటి పేజీ వస్తుంది చూడండి, అది కన్సోల్. దాన్ని నడిపేది నేరుగా కెర్నల్, అంటే లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్. టీటీవై1, టీటీవై2 అని పిలిచేవి ఇవే.

ఎస్ఎస్‌హెచ్‌తో దూరంగా ఉన్న సర్వర్‌లోకి వెళ్ళినప్పుడు ఈ రెండూ ఆ వైపు ఉండవు. అక్షరాలను గీసేది మీ దగ్గరున్న మెషీన్, కీలను చదివేదీ అదే. సర్వర్‌లో ఫాంట్ మార్చి "నాకేం తేడా కనిపించడం లేదు" అంటే, కనిపించదు మరి. సీరియల్ కన్సోల్ (కేబుల్ మీద అక్షరాలు మాత్రమే పంపేది) సంగతీ అంతే, అటువైపు ఫాంట్ అనేదే లేదు.

కాబట్టి ఏ కమాండ్ కొట్టే ముందైనా రెండు సంగతులు తేల్చుకోండి: మీరు మార్చాలనుకుంటున్నది ఏ తెరను? ఆ మార్పు ఇప్పటికేనా, రీబూట్ తర్వాత కూడా ఉండాలా?

ఏ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయాలి?

కన్సోల్-సెటప్. కమాండ్ ఇది (సుడో అంటే అడ్మిన్ హక్కులతో నడపమని):

సుడో ఆప్ట్ అప్‌డేట్
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ కన్సోల్-సెటప్

దీంతో పాటు కీబోర్డ్-కాన్ఫిగరేషన్ కూడా వస్తుంది. పని ఈ రెండింటి మధ్య పంచుకుని ఉంటుంది: మొదటిది ఫాంటు, ఎన్‌కోడింగ్ (అక్షరాలకు కోడ్‌లు ఇచ్చే పద్ధతి) చూసుకుంటుంది, రెండోది కీబోర్డ్ లేఅవుట్. కేబీడీ అనే ఇంకో ప్యాకేజీ ఉంది. సెట్‌ఫాంట్, లోడ్‌కీస్, షోకీ లాంటి చిన్న పనిముట్లన్నీ అందులోవే. లేకపోతే అదీ పెట్టుకోండి.

ముందే ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

డీపీకేజీ -ఎల్ కన్సోల్-సెటప్ అని కొట్టండి. వరస మొదట్లో "ఐఐ" ఉంటే సరిగ్గా ఇన్‌స్టాల్ అయి ఉంది. "ఆర్‌సీ" ఉంటే ప్యాకేజీ తీసేశారు కానీ కాన్ఫిగరేషన్ ఫైళ్ళు మిగిలాయని అర్థం.

అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పెద్దవి చేయడం ఎలా?

సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ కన్సోల్-సెటప్

నీలం తెర మీద నాలుగు ప్రశ్నలు వస్తాయి. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉంచండి. అక్షర సమితి దగ్గర ఏం ఎంచాలో తోచకపోతే, అది సూచించిన దాన్నే వదిలేయండి. ఫాంట్ దగ్గర టెర్మినస్ ఎంచుకోండి, ఎందుకంటే ఫిక్స్‌డ్ అనే ఫాంట్‌లో పెద్ద సైజులు లేవు, 8×18తో ఆగిపోతుంది. టెర్మినస్ 16×32 దాకా వెళ్తుంది.

ఎంత సైజు పెట్టాలో లెక్క వేసుకోవచ్చు. 1920×1080 తెర మీద 8×16 ఫాంట్ అంటే అడ్డంగా 240 అక్షరాలు, నిలువుగా 67 వరసలు. అదే తెర మీద 12×24 పెడితే 160 అక్షరాలు, 45 వరసలు. నాకు ఇదే హాయిగా ఉంటుంది. ఫోర్‌కే తెర మీద 8×16 వదిలేస్తే వరసకు 480 అక్షరాలు! భూతద్దం పెట్టుకోవాల్సిందే. అక్కడ 16×32 తప్ప వేరే దారి లేదు.

మెనూ వద్దు, ఫైల్ చాలు అనుకునేవాళ్ళు /ఈటీసీ/డిఫాల్ట్/కన్సోల్-సెటప్ తెరిచి ఫాంట్‌ఫేస్, ఫాంట్‌సైజ్ అనే రెండు వరసలు మార్చుకోవచ్చు. ఆ పేర్లు ఫైల్‌లో పెద్ద అక్షరాల్లో ఉంటాయి.

ఒక చోట 16×32 అని, ఇంకో చోట 32×16 అని ఉంది. ఏది కరెక్టు?

రెండూ ఒకే ఫాంట్. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో వెడల్పు ముందు రాస్తారు. /యూఎస్ఆర్/షేర్/కన్సోల్‌ఫాంట్స్ అనే డైరెక్టరీలో ఉన్న ఫాంట్ ఫైళ్ళ పేర్లలో మాత్రం ఎత్తు ముందు వస్తుంది. ఎందుకిలా పెట్టారో గానీ, చూసిన ప్రతిసారీ ఒక్క క్షణం తికమకే.

ఫైల్ మార్చాను. ఏమీ జరగలేదు.

ఫైల్ మార్చినంత మాత్రాన కన్సోల్‌కు తెలియదు. దాన్ని చదివి అమలు చేసే కమాండ్ సెటప్‌కాన్:

సుడో సెటప్‌కాన్ --సేవ్

ఆ "--సేవ్" ముఖ్యం. బూట్ అయ్యేటప్పుడు పని త్వరగా కావాలని, ముందే తయారుచేసిన చిన్న స్క్రిప్టులు /ఈటీసీ/కన్సోల్-సెటప్ డైరెక్టరీలో ఉంటాయి. వాటి పేర్లు "క్యాష్డ్" అని మొదలవుతాయి. చేత్తో ఫైల్ మార్చినప్పుడు ఈ స్క్రిప్టులను కూడా కొత్తగా రాయించకపోతే, "ఇప్పుడు బాగుంది, రీబూట్ చేస్తే పాతదే వచ్చింది" అనే ఫిర్యాదు మొదలవుతుంది. డీపీకేజీ-రీకాన్ఫిగర్ వాడితే ఆ పని అదే చేసుకుంటుంది.

కీబోర్డు ఒక్కటే అమలు చేయాలంటే -కే, ఫాంట్ ఒక్కటే అయితే -ఎఫ్ ఆప్షన్ ఉంది.

సెటప్‌కాన్ కొడితే "మనం కన్సోల్ మీద లేము" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం వచ్చింది.

డెస్క్‌టాప్‌లోని టెర్మినల్ కిటికీలోంచో, ఎస్ఎస్‌హెచ్‌లోంచో కొట్టారు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3తో కన్సోల్‌కు వెళ్ళి అక్కడ లాగిన్ అయి కొట్టండి. డెస్క్‌టాప్‌కు తిరిగి రావడానికి ఎఫ్1, ఎఫ్2, ఎఫ్7లలో ఏదో ఒకటి పనిచేస్తుంది, అది మీ డిస్ట్రిబ్యూషన్‌ను బట్టి. "--ఫోర్స్" అనే ఆప్షన్ కూడా ఉంది, కానీ ఏం జరుగుతోందో చూడకుండా బలవంతం చేయడం నాకు నచ్చదు.

టీటీవై3లో ఫాంట్ పెరిగింది, టీటీవై4లో పాతదే ఉంది. ఎందుకు?

సెట్‌ఫాంట్ వాడి ఉంటారు. ఇప్పుడు దాదాపు అన్ని మెషీన్లలో ఉండే ఫ్రేమ్‌బఫర్ కన్సోల్‌లో (తెర మీద అక్షరాలను బొమ్మలుగా గీసేది), ఫాంట్ ఏ కన్సోల్‌కు ఆ కన్సోల్‌కే విడిగా ఉంటుంది. కీమ్యాప్ (ఏ కీకి ఏ అక్షరమో చెప్పే పట్టిక) అలా కాదు, ఒక చోట మారిస్తే అన్ని కన్సోళ్ళకూ మారుతుంది. సెటప్‌కాన్ అయితే కాన్ఫిగరేషన్‌లో "యాక్టివ్ కన్సోల్స్" అని రాసి ఉన్నవన్నీ, అంటే మామూలుగా 1 నుంచి 6 దాకా, తిరిగి ఫాంట్ పెడుతుంది.

బూట్ మధ్యలో పెద్ద అక్షరాలు వచ్చి మళ్ళీ చిన్నవైపోతున్నాయి.

గ్రాఫిక్స్ డ్రైవర్ ఆలస్యంగా లోడ్ అయి, అప్పటిదాకా ఉన్న ఫ్రేమ్‌బఫర్ స్థానంలో తనది పెట్టుకుంటుంది. దాంతో అప్పటికే పెట్టిన ఫాంట్ పోతుంది. ముందు లాగిన్ అయి ఇది కొట్టి చూడండి:

సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ కన్సోల్-సెటప్

దీంతో ఫాంట్ వచ్చిందంటే మీ కాన్ఫిగరేషన్‌లో తప్పు లేదు, పనులు జరిగిన వరసలోనే తేడా. అలాంటప్పుడు కెర్నల్‌లోనే ఇమిడి ఉన్న పెద్ద ఫాంట్ వాడటం నయం. కొత్త కెర్నల్ అయితే, గ్రబ్ (కెర్నల్‌ను లోడ్ చేసే బూట్ ప్రోగ్రామ్) కాన్ఫిగరేషన్‌లోని కెర్నల్ ఆప్షన్లలో ఎఫ్‌బీకాన్=ఫాంట్:టీఈఆర్16×32 అని చేర్చి (టీఈఆర్ పెద్ద అక్షరాల్లో, గుణకార గుర్తు స్థానంలో చిన్న ఎక్స్ అక్షరం), సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టండి. మొదటి వరస నుంచే పెద్ద అక్షరాలు కనిపిస్తాయి.

@ నొక్కితే డబుల్ కోట్ పడుతోంది.

కీబోర్డు అమెరికన్‌ది, సెట్టింగ్ బ్రిటిష్‌ది. బ్రిటిష్ లేఅవుట్‌లో షిఫ్ట్‌తో 2 నొక్కితే డబుల్ కోట్ వస్తుంది, @ ఎంటర్ కీ పక్కన సింగిల్ కోట్ దగ్గర ఉంటుంది. "రాస్ప్‌బెర్రీ పై" అనే చిన్న కంప్యూటర్ కొన్నవాళ్ళు చాలామంది మొదటి రోజు చూసే వింత ఇదే, దాని సిస్టమ్ బ్రిటిష్ లేఅవుట్‌తో వచ్చేది.

సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ కీబోర్డ్-కాన్ఫిగరేషన్

మోడల్ దగ్గర 105 కీల జెనెరిక్ పీసీ ఉంచి, లేఅవుట్ దగ్గర యూఎస్ ఎంచుకోండి. తర్వాత సుడో సెటప్‌కాన్ -కే --సేవ్. ఈ సెట్టింగ్ నిలవుండేది /ఈటీసీ/డిఫాల్ట్/కీబోర్డ్ ఫైల్‌లో.

పాస్‌వర్డ్ కచ్చితంగా సరైనదే, అయినా లాగిన్ కావడం లేదు.

పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద ఏమీ కనిపించదు కాబట్టి లేఅవుట్ తప్పయితే తెలిసే దారి లేదు. జర్మన్ లేఅవుట్‌లో వై, జెడ్ తారుమారుగా ఉంటాయి. ఫ్రెంచ్‌లో అయితే అంకెలకు షిఫ్ట్ నొక్కాలి. యూజర్‌నేమ్ అడిగే చోట, మీ పాస్‌వర్డ్‌లో ఉండే గుర్తులను మాత్రం ఒకటొకటి కొట్టి చూడండి. అక్కడ కనిపిస్తాయి. మొత్తం పాస్‌వర్డ్ అక్కడ కొట్టి అలవాటుగా ఎంటర్ నొక్కకండి, అది యూజర్‌నేమ్‌గా లాగ్‌లో పడే ప్రమాదం ఉంది. చూసుకుని బ్యాక్‌స్పేస్‌తో చెరిపేయండి.

డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంది. లేఅవుట్ మార్చాక ఇంకేమైనా చేయాలా?

చేయాలి. ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. ఒకసారి బ్రిటిష్ లేఅవుట్‌ను యూఎస్‌కు మార్చి, అంతా సరిచూసుకుని రీబూట్ చేశాను. బూట్‌లో డిస్క్ పాస్‌ఫ్రేజ్ అడిగింది. కొట్టాను, తప్పంది. మళ్ళీ కొట్టాను, తప్పంది. కనిపించేవి చుక్కలే. టెన్షన్‌లో క్యాప్స్ లాక్‌ను అనుమానించాను, కీబోర్డును అనుమానించాను, చివరికి నా జ్ఞాపకశక్తిని కూడా. పాస్‌ఫ్రేజ్‌లో ఒకే ఒక్క @ ఉంది. దాన్ని పాత చోట, ఎంటర్ పక్కన, నొక్కగానే తెరుచుకుంది.

ఆ ప్రశ్న అడిగేటప్పటికి అసలు సిస్టమ్ ఇంకా మొదలవలేదు. అప్పుడు నడిచేది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న బూట్ ఇమేజ్. దాని లోపల కీమ్యాప్‌కు సొంత కాపీ ఉంటుంది. నేను అసలు ఫైల్ మార్చాను, కాపీని వదిలేశాను. లేఅవుట్ మార్చిన వెంటనే ఇది కొట్టాలి:

సుడో అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ -యు

ఇంకో మాట. లేఅవుట్‌లు మారుస్తుండే అలవాటు ఉంటే, డిస్క్ పాస్‌ఫ్రేజ్‌లో గుర్తులు పెట్టకుండా మామూలు అక్షరాలతోనే పొడుగ్గా పెట్టుకోండి. ఇంగ్లీషు లేఅవుట్‌లలో అక్షరాల చోటు మారదు, గొడవంతా గుర్తుల దగ్గరే.

క్యాప్స్ లాక్‌ను కంట్రోల్‌గా మార్చవచ్చా?

మార్చవచ్చు. /ఈటీసీ/డిఫాల్ట్/కీబోర్డ్‌లో ఎక్స్‌కేబీఆప్షన్స్ వరసలో కోట్స్ మధ్య కంట్రోల్:నోక్యాప్స్ అని రాయండి. ఇందులో కంట్రోల్‌ను సీటీఆర్ఎల్ అని నాలుగు అక్షరాల్లోనే రాయాలి. తర్వాత సెటప్‌కాన్. ఇదే ఫైల్‌ను ఎక్స్ సర్వర్ (డెస్క్‌టాప్ కిటికీలను తెర మీద చూపే ప్రోగ్రామ్) కూడా చదువుతుంది. గ్నోమ్ అనే డెస్క్‌టాప్ మాత్రం ఒక్కో యూజర్‌కు తన సెట్టింగ్స్ విడిగా దాచుకుంటుంది, కాబట్టి అక్కడ ఇంకోసారి మార్చుకోక తప్పదు.

ఏ కీ ఏ నంబర్ పంపుతోందో చూడాలంటే కన్సోల్‌లో సుడో షోకీ -కే కొట్టి కీలు నొక్కండి. క్యాప్స్ లాక్ నొక్కితే 58, ఎస్కేప్ నొక్కితే 1 కనిపిస్తాయి. బయటికి రావడానికి ఏ కీ వెతకక్కర్లేదు, 10 సెకన్లు ఏమీ నొక్కకుండా ఉంటే అదే ఆగిపోతుంది.

శాశ్వతంగా మార్చే ముందు ఊరికే ప్రయత్నించి చూడవచ్చా?

లోడ్‌కీస్, సెట్‌ఫాంట్ ఉన్నవి అందుకే. వాటితో చేసిన మార్పు రీబూట్‌తో పోతుంది. ముందు సుడో డంప్‌కీస్ అవుట్‌పుట్‌ను ఒక ఫైల్‌లోకి పంపి దాచుకుంటే, నచ్చకపోయినప్పుడు ఆ ఫైల్‌నే లోడ్‌కీస్‌కు ఇచ్చి పాత స్థితికి వెళ్ళవచ్చు.

కీలు పూర్తిగా తారుమారై కమాండ్ కూడా కొట్టలేని స్థితి వచ్చిందా? ఇంకో మెషీన్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో వచ్చి, సుడో లోడ్‌కీస్ -సీ /డెవ్/టీటీవై1 యూఎస్ అని కొట్టండి. ఇక్కడ సీ పెద్ద అక్షరం. ఎస్ఎస్‌హెచ్ కూడా లేకపోతే రీబూటే.

స్క్రిప్టులోంచి ఇన్‌స్టాల్ చేస్తుంటే కీబోర్డ్ ప్రశ్న దగ్గర ఆగిపోతోంది.

కంటైనర్ ఇమేజ్ కట్టేవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు దీన్ని చూసే ఉంటారు. మీరు అడిగింది ఇంకేదో ప్యాకేజీ, దాని వెనకాల కీబోర్డ్-కాన్ఫిగరేషన్ వచ్చింది, అది లేఅవుట్ అడిగింది, జవాబిచ్చేవాళ్ళు లేక గంటల తరబడి అలా కూర్చుంది. మందు ఇది:

సుడో డెబియన్_ఫ్రంట్‌ఎండ్=నాన్‌ఇంటరాక్టివ్ ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్ -వై కన్సోల్-సెటప్

సమాన గుర్తుకు ముందున్న పేరు మొత్తం పెద్ద అక్షరాల్లో ఉండాలి. అది సుడో తర్వాత రావాలన్నది గుర్తుంచుకోండి. ముందే ఎక్స్‌పోర్ట్ చేసి తర్వాత సుడో అంటే, సుడో ఆ వేరియబుల్‌ను మామూలుగా లోపలికి రానివ్వదు.

ప్యాకేజీల ప్రశ్నలు అడిగి జవాబులు దాచుకునేది డెబ్‌కాన్ఫ్. జవాబులు ముందే ఇవ్వడానికి డెబ్‌కాన్ఫ్-సెట్-సెలెక్షన్స్ ఉంది. ఇక్కడొక మెలిక: /ఈటీసీ/డిఫాల్ట్/కీబోర్డ్ ఫైల్ ముందే ఉంటే, ప్యాకేజీ ఆ ఫైల్‌లోని విలువలనే తీసుకుంటుంది, మీరు డెబ్‌కాన్ఫ్‌లో పెట్టిన జవాబులు గాలికి పోతాయి. కొత్త సిస్టమ్‌కు డెబ్‌కాన్ఫ్, పాత సిస్టమ్‌కు నేరుగా ఫైల్ మార్చి డీపీకేజీ-రీకాన్ఫిగర్ -ఎఫ్ నాన్‌ఇంటరాక్టివ్ కీబోర్డ్-కాన్ఫిగరేషన్ కొట్టడం, ఇదీ నేను పాటించే పద్ధతి. పది మెషీన్లు చూసుకునేవాళ్ళు /ఈటీసీ/డిఫాల్ట్‌లోని కీబోర్డ్, కన్సోల్-సెటప్ అనే రెండు ఫైళ్ళనూ గిట్‌లో పెట్టుకుంటే చాలు, డెబ్‌కాన్ఫ్ డేటాబేస్‌ను బ్యాకప్ చేయక్కర్లేదు.

కన్సోల్‌లో తెలుగు కనిపించేలా చేయవచ్చా?

ఈ ప్యాకేజీతో కాదు. కన్సోల్ ఫాంట్‌లో 256 లేదా 512 రూపాలు మాత్రమే పడతాయి. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన చోటు 128 స్థానాలే కదా, 512లో పట్టదా అనిపిస్తుంది. కానీ "స్త్రీ" అన్న ఒక్క అక్షరాన్ని తీసుకోండి. ఫైల్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అని ఆరు కోడ్‌లు. వాటిని కలిపి, ఒత్తులు కిందకు దించి, గుడి దీర్ఘం పైకెక్కించి ఒక్క ఆకారం చేసే పని ఇంకెవరో చేయాలి. కెర్నల్ కన్సోల్‌కు ఆ విద్య రాదు. దానికి తెలిసింది ఒక కోడ్, ఒక గడి, ఒక బొమ్మ. తెలుగు ఫైల్ పేర్లున్న డైరెక్టరీలో ఎల్ఎస్ కొడితే వరసగా డబ్బాలో, వజ్రం గుర్తులో వచ్చేది అందుకే.

డేటాకు మాత్రం ఏమీ కాదు. అదే మెషీన్‌లోకి డెస్క్‌టాప్ ఉన్న ఇంకో కంప్యూటర్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో వస్తే అవే పేర్లు తెలుగులో కనిపిస్తాయి, అక్కడి టెర్మినల్ ప్రోగ్రామ్‌కు అక్షరాలు కలపడం వచ్చి ఉంటే.

డెస్క్‌టాప్ కోసం ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల లేఅవుట్ పెట్టుకునేటప్పుడు ఒక జాగ్రత్త. కీబోర్డ్ ఫైల్‌లో యూఎస్ ముందు, ఇండియన్ లేఅవుట్ తర్వాత రాయండి. తెలుగు ఒక్కటే పెడితే కన్సోల్‌లో కమాండ్లు కొట్టడానికి ఇంగ్లీషు అక్షరాలే దొరక్కుండా పోవచ్చు.

షిఫ్ట్, పేజ్ అప్ కలిపి నొక్కితే పాత వరసలు కనిపించేవి. ఇప్పుడు లేదు. ఏ సెట్టింగ్ మార్చాలి?

సెట్టింగ్ లేదు. ఆ సౌకర్యాన్ని 2020లో వచ్చిన లినక్స్ 5.9లో కెర్నల్ నుంచే తీసేశారు. కోడ్‌ను పట్టించుకునేవాళ్ళు లేక భద్రతా లోపాలు పేరుకున్నాయి. పాత వరసలను తనే గుర్తుంచుకునే టీమక్స్ అనే ప్రోగ్రామ్ లోపల పనిచేయండి, లేదా అవుట్‌పుట్‌ను పేజీలుగా చూపే లెస్‌కు పంపండి. నాకూ మొదట్లో చిరాకేసింది, వేలు ఇంకా అప్పుడప్పుడు అటు పోతూనే ఉంటుంది.

ఫెడోరా, ఆర్చ్‌లో ఎలా?

అక్కడ కన్సోల్-సెటప్ ఉండదు, సిస్టమ్‌ను మొదలుపెట్టి సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ ఆ పని చూసుకుంటుంది. ఫైల్ /ఈటీసీ/వీకన్సోల్.కాన్ఫ్, అందులో కీమ్యాప్, ఫాంట్ అని రెండు వరసలు. ఉన్న లేఅవుట్‌ల జాబితాకు లొకేల్‌సీటీఎల్ లిస్ట్-కీమ్యాప్స్, మార్చడానికి సుడో లొకేల్‌సీటీఎల్ సెట్-కీమ్యాప్ యూఎస్. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ ఉంటే పైన చెప్పిన గొడవే ఇక్కడా ఉంది: ఫెడోరాలో సుడో డ్రాకట్ -ఎఫ్, ఆర్చ్‌లో మామూలుగా సుడో ఎంకేఇనిట్‌సీపీఐఓ -పీ (పీ పెద్ద అక్షరం) కొట్టి బూట్ ఇమేజ్‌ను తిరిగి కట్టించాలి.

అక్కర్లేదు, తీసేద్దాం అనుకుంటున్నాను.

ముందు ఆప్ట్ -ఎస్ పర్జ్ కన్సోల్-సెటప్ అని కొట్టండి. ఆ "-ఎస్" ఉంటే నిజంగా ఏదీ తీయదు, ఏమేం పోతాయో చెబుతుంది. ఆ జాబితా చిన్నదిగా ఉంటే, "-ఎస్" తీసేసి ముందు సుడో పెట్టి మళ్ళీ కొట్టండి. రిమూవ్ అంటే కాన్ఫిగరేషన్ ఫైళ్ళు మిగులుతాయి, పర్జ్ అంటే అవీ పోతాయి. కీబోర్డ్-కాన్ఫిగరేషన్ జోలికి మాత్రం పోకండి. ఎక్స్ సర్వర్ దాని మీద ఆధారపడి ఉంటుంది, దాన్ని తీయమంటే ఆప్ట్ మీ డెస్క్‌టాప్‌లో సగాన్ని కూడా కట్టగట్టి తీసేయడానికి సిద్ధమవుతుంది. అవునా కాదా అని అడిగే చోట ఆ పొడవాటి జాబితా కనిపిస్తే, కాదు అనే కొట్టండి.